పెండ్లిపందిరి: తెలుగునాట వివాహమునకు వానగాలుల నుండి రక్షణ

ఆంధ్రుల ఆచారవ్యవహారములను గూర్చి వ్రాసినవారు వివాహవిధులను, కన్యాశుల్క వరకట్నములను, విందుభోజనములను విపులముగ చర్చించిరి. 1949లో సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వెలువడిన పిదప, సామాన్యజనుల జీవితము చరిత్రకారుని పరిశీలనకు తగినదా యను శంకకు తావు లేకపోయినది. అయినను వివాహము జరుగు చోటును గూర్చి, ఆ చోటికి పైకప్పుగా నిలిచిన పందిరిని గూర్చి విచారించినవారు తక్కువ. ఇందులకు కారణము సులభముగ నూహింపవచ్చును. రాతిగుడి నిలుచును, రాగిరేకు నిలుచును, తాటియాకులతో వేసి, కార్యము ముగియగనే విప్పివేయు కట్టడము నిలువదు. అవశేషము లేనిదానికి చరిత్ర వ్రాయుట కష్టము.

తెలుగువారి పెండ్లి మొదటినుండియు ఆరుబయటి కార్యము. చిన్న యిండ్లలో బంధువర్గము పట్టదు. అందుచే వాకిటను, పెరటను, వీథిలోను పందిరి వేసి పెండ్లి చేయుట సర్వసామాన్యమయ్యెను. ఆరుబయట జరుగు కార్యము ఆకాశమునకు లోబడియుండును. ఎండ, వాన, గాలి అను మూటిలో ఏది యెప్పుడు వచ్చునో నిశ్చయింపరానప్పుడు మన పూర్వులు కార్యమునెట్లు కాపాడుకొనిరి? ఈ ప్రశ్నకు శాస్త్రగ్రంథములు, భాష, లోకాచారము, కట్టడపు పనితనము అను నాలుగు మార్గములలో సమాధానము వెదకుట ఈ వ్యాసోద్దేశము.

పదవిచారము

‘పందిరి’ యను పదమునకు ‘పందిలి’ యను రూపాంతరము కలదు. తమిళమున దీనికి సరియైనది ‘పందల్’. ఈ తమిళరూపమే ఆంగ్లేయుల వ్యవహారములోనికి పోయి, అచటినుండి భారతదేశమంతట వాడుకయైనది. 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువున దానికి ఆరోపము కలదు. ‘చప్పరము’ అను మఱియొక పదము తెలుగు కన్నడములకు సమానము. ‘మంటపము’ సంస్కృతభవము, వాడుకలో నది రాతికట్టడమునకు రూఢమైనది. ‘షామియానా’ పారసీకమునుండి వచ్చినది, గుడ్డకప్పునకు పేరు.

ఈ పదములను వరుసగ చూచిన నొక విషయము తోచును. పందిరి, చప్పరము ఆకునకు, కొమ్మకు, తడకకు సంబంధించినవి, మంటపము రాతికి, షామియానా గుడ్డకు. పదార్థము మారినప్పుడు పదము మారినది. కాని పెండ్లిమాటలో మాత్రము ‘పందిరి’ స్థిరముగ నిలిచినది. గుడ్డ కట్టినను, రేకు కప్పినను జనులు ‘పందిరి వేసితిమి’ అనియే యందురు. తీగ ప్రాకుటకు వేసినదియు పందిరియే, పెండ్లికి వేసినదియు పందిరియే. రెంటికిని లక్షణమొక్కటే: నాలుగువైపుల తెరపి, పైని నీడ. గోడలు లేని యీ లక్షణమే దాని బలమునకును బలహీనతకును కారణమని ముందు చూపుదుము.

కాలనిర్ణయము: మొదటి రక్షణ

వాననుండి తప్పించుకొనుటకు మొదటి యుపాయము వానలేని దినమును గోరుకొనుట. ఈ విషయమున సూత్రకారులకును, ముహూర్తగ్రంథకర్తలకును, తెలుగుదేశపు ఆచారమునకును గల భేదము గమనింపదగినది.

తెలుగునాట బ్రాహ్మణులలో పెక్కురు అనుసరించు ఆపస్తంబ గృహ్యసూత్రము వివాహమునకు సర్వఋతువులును తగినవేయని చెప్పి, శిశిరర్తువు నందలి రెండు మాసములను, గ్రీష్మమున కడపటి మాసమును మాత్రము విడువుమనుచున్నది. అనగా మాఘ ఫాల్గుణములును, ఆషాఢమును వర్జ్యములు. ఆశ్వలాయనుడు ఉత్తరాయణమును, శుక్లపక్షమును చెప్పి, సర్వకాలముల యందును వివాహము చేయవచ్చునను కొందఱి మతమును గూడ పేర్కొనెను. నారదాది ముహూర్తకర్తలు మాఘ ఫాల్గుణ వైశాఖ జ్యేష్ఠములను శ్రేష్ఠములుగను, కార్తిక మార్గశీర్షములను మధ్యమములుగను గ్రహించి, తక్కినవానిని నిందించిరి. సూత్రకారుడు త్రోసివేసిన మాఘ ఫాల్గుణములను ముహూర్తకర్తలు ముందు వరుసలో నిలిపిరి.

ఆచారమిందు దేనిని పాటించినది? నేటి తెలుగు పంచాంగములను చూచిన మాఘ ఫాల్గుణ వైశాఖ జ్యేష్ఠములలో ముహూర్తములు మెండు. ఇంతవరకు ముహూర్తకర్తల మతము. ఆషాఢము శూన్యమాసము, ఇందు ఉభయులకు నేకాభిప్రాయము. కాని శ్రావణమున తెలుగువారు నిరాటంకముగ పెండ్లిండ్లు చేయుదురు. నారదమతమున నిది నిందితము, ఆపస్తంబునకు సమ్మతము. కాన ఆచారము ఒక గ్రంథమును పట్టుకొని పోలేదనియు, రెండింటినుండి తనకు కావలసినది గ్రహించినదనియు స్పష్టము.

ఈ యేఱివేతకు ఆధారమేమి? మా యభిప్రాయమున నిందు వ్యవసాయమును, వర్షమును ప్రధానములు. మాఘమునుండి జ్యేష్ఠారంభమువఱకు తెలుగునేల సాధారణముగ పొడిగ నుండును. పంట యింటికి చేరును. ఎడ్లకు పని తక్కువ. బండ్లు నడుచుటకు దారులు గట్టిపడియుండును. సూర్యుడు మృగశిర కార్తెలో ప్రవేశించు జూన్ మొదటివారము నాటికి నైరృతి ఋతుపవనము సమీపించును. అటుపై దుక్కి, విత్తనము, నాట్లు. ఆషాఢమున ఇంటిల్లిపాదికిని పొలమే గతి. శ్రావణమునాటికి మొదటి తొందర తీరును; పంట చేతికి వచ్చుటకు వ్యవధి యుండును. ఆ విరామమున పెండ్లి సాధ్యమైనది. వాన మాత్రము అప్పటికి తగ్గలేదు. అనగా తెలుగువారు వాననే లెక్కించి మాసమును నిర్ణయింపలేదు. చేతులు ఖాళీగ నుండుటను, వానను కలిపి లెక్కించిరి.

ఇట మఱియొక చిక్కు కలదు. పంచాంగమొక్కటియే, ఆకాశము మాత్రము సీమకొక తీరు. నెల్లూరుసీమకు ఈశాన్య ఋతుపవనమే ముఖ్యము; అచట ఆశ్వయుజమునుండి మార్గశీర్షమువఱకు వానకాలము. మధ్యమమని పంచాంగము చెప్పిన కార్తికము అచట పెండ్లికి గడ్డుకాలము. అనంతపురమున సాలీన వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే; అచట శ్రావణపు పెండ్లికి వానభయము స్వల్పము. అదే శ్రావణమున గోదావరి తీరములు వఱదలతో నిండియుండును. దేశమును బట్టి వానను వేఱువేఱుగ కొలుచుట మనవారికి క్రొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున కోష్ఠాగారమున వర్షమానమును కొలుచు పాత్ర నుంచవలెనని విధియు, జాంగలదేశమునకు 16 ద్రోణములు, అవంతికి 23 ద్రోణములు, అశ్మకమునకు మఱియొక ప్రమాణమును చెప్పబడినవి. ఆ యశ్మకము నేటి తెలంగాణమున బోధన్ ప్రాంతమును గూడ కలుపుకొనియున్నదని చరిత్రకారుల యభిప్రాయము. రాజు పన్ను కొఱకు వానను దేశభేదముతో లెక్కించెను; ముహూర్తగ్రంథము మాత్రము ఆ భేదమును గణింపలేదు. ఆ లోటును తీర్చుకొనుట ఆయా సీమల ఆచారమునకు, పందిరి వేయువాని నేర్పునకు విడువబడినది.

పైగా ముహూర్తము ఒకసారి నిశ్చయమైన పిదప కదలునది కాదు. గురుమౌఢ్యము, శుక్రమౌఢ్యము, శూన్యమాసములు, తారాబలము అన్నియు వడపోసిన పిమ్మట మిగులు దినములు కొలదియే. వాన వచ్చునను శంకతో లగ్నమును మార్చుటకు వీలులేదు. ‘కల్యాణమొచ్చినా కక్కొచ్చినా ఆగదు’ అను లోకోక్తి యీ నిర్బంధమునే చెప్పుచున్నది. కాలము నందలి వెసులుబాటు ఇట్లు తీరిపోగా, రక్షణభారమంతయు స్థలముపైనను, సామగ్రిపైనను పడినది.

వేదిక, అగ్ని, నక్షత్రము: విధియందలి జాగ్రత్తలు

వివాహవిధిని పరిశీలించిన, అందు తప్పక జరుగవలసిన భాగమునకు కావలసిన చోటు మిక్కిలి చిన్నది. వేదికను ఒక హస్తము ఎత్తున, నాలుగు హస్తముల చతురస్రముగ, నాలుగు నున్నని స్తంభములతో, ఇంటికి ఎడమభాగమున వేయవలెనని నారదోక్తి. హస్తమనగా మూర, నాలుగు మూరల చదరము ఆఱడుగుల చదరము. ఎంతటి పందిరి వేసినను, వాన నుండి తప్పక కాపాడవలసిన చోటింతే. ఆ చోటు నేలకంటె మూరెడు ఎత్తున నున్నది. ఈ యెత్తునకు శాస్త్రకారుడు కారణము చెప్పలేదు. కాని నీరు నిలిచిన వాకిట అగ్నిని, పీటలను, వధూవరులను తడియకుండ నిలుపుటకు ఆ మూరెడెత్తు చాలుననుట ప్రత్యక్షము.

స్తంభము నిలుపు దిక్కును గూర్చి ముహూర్తచింతామణి (1600) ఒక నియమము చెప్పినది. సూర్యుడు సింహ కన్యా తులలలో నున్నప్పుడు ఈశాన్యమునను, వృశ్చిక ధనుర్మకరములలో నున్నప్పుడు వాయవ్యమునను, కుంభ మీన మేషములలో నైరృతియందును, వృషభ మిథున కర్కాటకములలో ఆగ్నేయమునను మొదటి స్తంభమును నిలుపవలెను. ఇందు గాలిదిక్కును గూర్చిన యెఱుక దాగియున్నదని వాదించుటకు మనస్సు ఉబలాటపడును. తులామాసమున ఈశాన్యపు గాలి, ఈశాన్యపు స్తంభము సరిపోయినట్లుండును. కాని వృశ్చికమునను అదే గాలి వీచుచుండగా స్తంభము వాయవ్యమునకు మరలినది. జూన్ జూలైలలో నైరృతి గాలి బలముగ వీచునప్పుడు స్తంభము ఆగ్నేయమున నుండవలెను. కాన ఇది రాశిచక్రమును మూడేసి రాశులుగ విభజించిన క్రమమే గాని వాయుశాస్త్రము కాదు. ప్రతి యాచారమునకును భౌతికకారణమును కల్పించు తొందరపాటు పరిశోధకునకు తగదు.

అగ్ని విషయమున మాత్రము సూత్రకారుడు ప్రమాదమును స్పష్టముగ ఊహించెను. వివాహాగ్నిని వధూవరుల వెంట గొనిపోవలెననియు, దానిని నిత్యము ధరింపవలెననియు, అది ఆఱినచో మథించి పుట్టింపవలెననియు, లేదా శ్రోత్రియుని యింటినుండి తేవలెననియు ఆపస్తంబుడు చెప్పెను. దంపతులలో నొకరు ఉపవసించుట ప్రాయశ్చిత్తము. ఆఱుటకు కారణము వానయా, గాలియా, అజాగ్రత్తయా యను విచారణ లేదు. ఆఱుననుట సహజముగ గ్రహింపబడినది. ఆఱిన కార్యము చెడునని చెప్పక, మరల నెట్లు నిలుపుకొనవలెనో చెప్పబడినది. వానకాలమున నిప్పు సంపాదించుట ఎంత కష్టమో ఆముక్తమాల్యద నాలుగవ ఆశ్వాసము నందలి వర్షర్తువర్ణన చదివినవారికి చెప్పనక్కఱలేదు. తడిసిన కట్టెలతో, పొగతో పెనుగులాడు గృహిణులను రాయలు కన్నులకు గట్టినట్లు చూపెను.

కాలమును కొలుచుటయందును ఇట్టి జాగ్రత్తయే కనబడును. పగలు శంకుచ్ఛాయను బట్టి, రాత్రి నక్షత్రమును బట్టి లగ్నమును తెలియవచ్చును. మబ్బు పట్టినచో రెండును నిష్ప్రయోజనములు. నీటిపై తేలు చిల్లిగిన్నె మాత్రము మబ్బును లెక్కచేయదు. అది నిండి మునిగిన ఒక గడియ, అనగా 24 నిమిషములు. వివాహములలో ఈ ఘటికాయంత్రమును పూజించి నిలుపుట యాచారమైనది. వాచీలు వచ్చిన తరువాత ఆ గిన్నె మఱుగుపడినది.

ఇక నక్షత్రదర్శనము. నక్షత్రములు పొడమిన పిదప వరుడు వధువునకు ధ్రువుని, అరుంధతిని చూపవలెనని సూత్రము. సప్తర్షిమండలమున వసిష్ఠుని ప్రక్క నున్న చిన్నచుక్క అరుంధతి. మన అక్షాంశములలో ఫాల్గుణమునుండి ఆషాఢమువఱకు ఆ మండలము సాయంకాలము ఉత్తరాకాశమున చక్కగ కనబడును. మాఘమున ప్రొద్దు క్రుంకిన కొంతసేపటికి ఉదయించును. శ్రావణమున వాయవ్యమునకు వ్రాలియుండును. కార్తిక మార్గశీర్షములలో రాత్రి రెండవభాగమునకు గాని పైకి రాదు. ముహూర్తకర్తలు శ్రేష్ఠములన్న మాసములును, అరుంధతి సాయంకాలమున కనబడు మాసములును చాలవఱకు కలియుచున్నవి. ఇది కారణమని మేము చెప్పుట లేదు. కలియుచున్నదని మాత్రము సూచించుచున్నాము. మబ్బు పట్టిన రాత్రియందును, పగటి పెండ్లియందును పురోహితుడు దిక్కును చూపి మంత్రము చెప్పును, వధువు తలయూపును. కనబడనిదానిని కనబడినట్లు స్వీకరించు ఈ వెసులుబాటు లేకున్న ఆకాశమును సాక్షిగ గొన్న కార్యము మబ్బునకు బలియగుచుండెడిది.

పందిరిపనివాని శాస్త్రము

గ్రంథములు వేదికవఱకు వచ్చి ఆగినవి. ఆ వేదికపైనను, దానిచుట్టు కూర్చున్న వందలకొలది జనముపైనను కప్పువేయు విద్య గ్రంథస్థము కాలేదు. అది చేతివాటమున, నోటిమాటలలో నిలిచినది.

పెండ్లికి కొన్ని దినములు ముందుగ ‘రాట వేయుదురు’. పాలుగారు చెట్టు కొమ్మకు పసుపు కుంకుమలు పూసి, నవధాన్యములు మూటగట్టి పాతుట పూజాభాగము. పనిభాగము వేఱు. రాటలకు వెదురు, తాటిచట్టము, దొరకిన చోట సరుగుడు. సరుగుడు తోటలు కోరమండల తీరమున వ్యాపించినది 19వ శతాబ్ది ఉత్తరార్ధమునుండియే; కాన సరుగుడు గుంజల పందిరి ప్రాచీనము కాదు. రాటలపై దూలములు, వానిపై వెదురు వాసములు, వానిపై తడక, తడకపై ఆకు. కోస్తాలో తాటియాకు, కొబ్బరిమట్ట. తెలంగాణమున నేరేడు, మామిడి కొమ్మల పచ్చని పందిరి.

పందిరులు రెండు విధములు. ఎండకు వేయునది చలువపందిరి. దానికి కప్పు చదునుగ నుండును, ఆకు ఒక వరుస చాలును. శ్రీరామనవమికి ఊరూర వేయునది యిట్టిదే. వానకు వేయవలసినది వాలుపందిరి. చూరునుండి మొదలుపెట్టి పైకి వరుసగ, ఆకుకొస క్రిందికి వచ్చునట్లు, పైవరుస క్రిందివరుసను కప్పునట్లు వేయవలెను. చలువపందిరి వానకు కురియును. వాలుపందిరికి ఆకును, కూలియును అధికము. వేసవిపెండ్లికి ఏది వేయవలెనను ప్రశ్నయే గృహస్థునకు కష్టమైనది. చైత్ర వైశాఖములలో పగలంతయు నిప్పులు చెఱగు నెండ. అదే యెండవలన సాయంకాలమునకు మబ్బులు లేచి ఈదురుగాలి, ఉఱుము, వడగండ్లు. మామిడిజల్లులని వానికి ముద్దుపేరు. ఒక్క దినమున రెండు శత్రువులు. నేర్పుగలవాడు వేదికపైన, వంటశాలపైన వాలుకప్పును, తక్కినచోట చలువకప్పును వేసి వ్యయమును తగ్గించెడివాడు.

గాలి విషయమున ఆకుపందిరికి ఒక గుణము కలదు. ఆకుల నడిమి సందులనుండి గాలి కొంత పైకి పోవును. కప్పును ఎత్తివేయు బలము తగ్గును. గాలి మిక్కిలి యైనచో ఆకులు లేచిపోవును గాని, రాటలు తఱచుగ నిలుచును. పడినను ఆకు మీద పడిన ప్రాణాపాయము తక్కువ. నార తడిసిన బిగియును. అందుచే వానలో కట్లు వదులు కావు. గుడ్డకప్పు ఇందుకు విరుద్ధము. అది తెరచాపవలె గాలిని పట్టును. దానిని నిలుపు నూలుత్రాళ్లు తడిసి బిగిసి మేకులను పెఱుకును. ఎఱిగినవారు వానకు ముందే వానిని కొంచెము వదులు చేయుదురు. రేకు కప్పు వానకు మేలైనది. కాని ఊడిపోయినచో కత్తియగును.

వంటకు వేఱుపందిరి. వందలమందికి వండుటకు గాడిపొయ్యి త్రవ్వుదురు. గాడిపొయ్యి యనగా నేలలో పొడుగాటి గుంట. వాన వచ్చిన మొదట నిండునది అదియే. కావున దానిని మెరకను త్రవ్వి, చుట్టు కట్టవేసి, నీరు పోవుటకు కాలువ తీయుదురు. కట్టెలను ముందుగనే కొట్టి యెండబెట్టి కప్పు క్రింద చేర్చుదురు. ఆకుపందిరికి నిప్పు పరమశత్రువు గనుక వంటపందిరిని గాలివాలు చూచి దూరముగ వేయుట నియమము.

సంపన్నులకు మఱియొక ఆశ్రయముండెను. గోదావరి కృష్ణామండలములలోని మండువాలోగిలి నడుమ ఆకాశమునకు తెరచి, చుట్టును వాలుకప్పు గలది. పందిరి కూలినను కార్యమును వసారాలోనికి మార్చుకొనవచ్చును. ఒంటినిట్రాట యింటివానికి ఆ వసతి లేదు. వాన యందఱిపైన సమముగ కురియునను మాట పెండ్లివిషయమున సత్యము కాదు.

వానయు, పెండ్లియు: లోకవిశ్వాసములు

వానను విఘ్నముగ మాత్రమే తెలుగువారు తలంపలేదు. పచ్చిబియ్యము తినిన పిల్లల పెండ్లిలో వాన పడునని పెద్దలు బెదరింతురు. ఈ మాటలో వాన శిక్షగ గన్పట్టును. శిక్షయైనను, దానికి కారణము చిన్ననాటి చిరుతిండియే గాని మహాపాపము కాదు. పెండ్లిలో వాన కురిసినప్పుడు నవ్వి ఊరకుండుటకు ఈ మాట చక్కని సాధనము. వధువును ‘ఎంత బియ్యము బొక్కితివమ్మా’ యని మేలమాడుటతో తల్లిదండ్రుల యందోళన కొంత తేలికపడును.

వేఱొకవైపున వానలు కురియనప్పుడు గ్రామస్థులు కప్పలకు పెండ్లి చేయుదురు. రోకటికి కప్పను గట్టి ఇంటింట నీళ్లు పోయింతురు. ఒకచోట పెండ్లి వానకు భయపడును. ఒకచోట పెండ్లియే వానను పిలుచును. రెండును సంతానమునకు, పంటకు సంబంధించిన కార్యములగుటచే ఈ విరోధము పైకి మాత్రమే.

రాతిసాక్ష్యము

ఆకుపందిరికి అవశేషము లేదంటిమి. దాని ఛాయ రాతిలో కలదు. అచ్యుతదేవరాయల కాలమున నిర్మితమైన లేపాక్షి వీరభద్రాలయమున కల్యాణమంటపము పైకప్పు లేక అసంపూర్ణముగ నిలిచినది. స్తంభములపై పార్వతీపరమేశ్వరుల వివాహమునకు వచ్చిన దేవతలు, ఋషులు, దిక్పాలకులు. దిక్పాలకులలో వరుణుడును, వాయువును కలరు. ఆరుబయటి పెండ్లికి భయహేతువులైన యా యిరువురిని అతిథులుగ పిలిచి నిలిపిన భావన మన శిల్పులది. పురోహితుడు వివాహారంభమున దిక్పాలకులను ఆవాహనము చేయుటలోని భావమును ఇదియే.

కాని పిలుపు చాలదు. కడపమండలమున ఒంటిమిట్ట కోదండరామస్వామి కల్యాణము చైత్రమాసమున పున్నమివెన్నెలలో రాత్రివేళ ఆరుబయట జరుగును. భద్రాచలమున నవమినాటి మధ్యాహ్నమున జరుగు కల్యాణమునకు ఎండయే శత్రువు. ఒంటిమిట్టకు సాయంకాలపు గాలివాన. 2018 మార్చి 30వ తేదీన కల్యాణమునకు ముందు ఈదురుగాలి, వడగండ్లవాన కలిసి పైబడి, తాత్కాలికముగ వేసిన పందిళ్లు కూలి, భక్తులలో కొందఱు ప్రాణములు గోల్పోయిరి; పలువురు గాయపడిరి. చైత్రమాసపు సాయంకాలమున గాలివాన వచ్చుట అపూర్వము కాదు. కార్తెలు నేర్చిన రైతునకు తెలిసిన విషయమే. మాఱినది కప్పు. ఆకు పోయి రేకు, కొయ్య పోయి ఇనుము వచ్చినవి; పందిరి విరివి పెరిగినది; విద్యుత్తు చేరినది. ఆకుపందిరి ఎగిరిపోవుటకును, రేకుపందిరి కూలుటకును ఫలితము ఒక్కటి కాదు.

ఆకుపందిరిని మేము నిర్దోషమని స్తుతించుట లేదు. 2004 జనవరి 23వ తేదీన తమిళనాట శ్రీరంగమున ఒక వివాహమంటపముపై వేసిన యాకుపందిరి అంటుకొని, వరునితోసహా యాభైమందికి పైగా మరణించిరి. నేలపై, నాలుగువైపుల తెరపిగ, వంటకు దూరముగ వేయవలెనను పూర్వనియమములు మేడపై వేసిన పందిరికి వర్తింపలేదు. అచట తెరపి లేదు, దిగుటకు దారి యిఱుకు, వెలుగునకు విద్యుద్దీపములు. పదార్థము పాతదైనను పరిస్థితి క్రొత్తది.

తుపానుల సంగతి వేఱు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెన కార్తిక శుక్లపక్షమున వచ్చినది. 1990 మే 9వ తేదీన కృష్ణాతీరమును తాకిన తుపాను వైశాఖపూర్ణిమనాడు వచ్చినది. రెండును వివాహమాసములే. తుపానునకు ఏ పందిరియు నిలువదు. దానికి ముందుగ తెలియుటయే రక్షణ. 1875లో భారత వాతావరణశాఖ యేర్పడినది మొదలు ఈ తెలివి క్రమముగ పెరిగినది. 1990 నాటికి లక్షలకొలది జనులను ముందుగ తరలింప గలిగిరి. నేడు తుపాను జాడ కొన్ని దినముల ముందే తెలియును. స్థానికమైన యుఱుముల వాన మాత్రము కొన్ని గంటల ముందే కాని ఖచ్చితముగ తెలియదు. లగ్నపత్రిక వ్రాయునాటికి రెండును తెలియవు. మొదటిదానికి తేదీని మార్చుకొను ధైర్యము, రెండవదానికి స్థలమును మార్చుకొను వసతి కావలెను.

ఉపసంహారము

ఇంతవఱకు చేసిన విచారణవలన తేలినదేమనగా: తెలుగువారు పెండ్లికి వానగాలులనుండి మూడు అంచెల రక్షణ నేర్పఱచుకొనిరి. మొదటిది మాసనిర్ణయము, ఇందు శాస్త్రములకంటె సేద్యపు తీరిక బలవత్తరము. రెండవది విధియందలి వెసులుబాటు. అగ్ని ఆఱిన మరల పుట్టించుట, చుక్క కనబడకున్న దిక్కును చూచుట, తప్పక కాపాడవలసిన చోటును నాలుగు మూరలకు కుదించుట. మూడవది పందిరిపనివాని నేర్పు. మొదటి రెండును గ్రంథములందు భద్రముగ నున్నవి. మూడవది మన కన్నులయెదుట మాయమగుచున్నది.

కల్యాణమంటపములు, ఫంక్షన్ హాళ్లు వచ్చిన తరువాత పందిరి అలంకారమాత్రమైనది. గుమ్మమున రెండు మట్టలు నిలిపి పందిరి యనుకొనుచున్నాము. ఇటీవల మరల తోటలలో, మైదానములలో పెండ్లిండ్లు చేయు వేడుక పెరిగినది. అనగా ఆకాశమునకు మరల ఎదురుపడితిమి. ఎదుర్కొను విద్య మాత్రము చేతిలో లేదు. రాటగుంట యెంత లోతు, వాలు యెంత, ఏ గాలికి ఏ వైపు తడక విప్పవలెను, ఆకును ఏ కార్తెలో నఱుకవలెను అను విషయములు ఏ నిఘంటువునను, ఏ ముహూర్తగ్రంథమునను లేవు. పల్లెలలో మిగిలిన వృద్ధులైన పందిరిపనివారికి తెలియును. వారి పదజాలమును, పనితీరును సీమలవారీగ సేకరించుట పరిశోధక విద్యార్థులు వెంటనే చేపట్టదగిన పని. అట్టి సేకరణ వృత్తిపదకోశమునకు చేర్పు అగుటయే గాక, రాబోవు చైత్రపు గాలివానలో పందిరి క్రింద నిలుచు జనుల ప్రాణములకును పనికివచ్చును.